కుర్చీలో శిష్యుడు, నేల మీద ఉస్తాద్

ఆటల్లో కత్తి నేర్చుకోవడం చాలా సులువని నాకు రిటైరయ్యాక తెలిసింది. పొద్దున చేతికర్రతో ఇంట్లోంచి బయల్దేరిన పడుచువాడు దారిలో నాలుగు నక్కలను కొడతాడు, ఒక దొంగను పొడుస్తాడు, పొద్దుగూకేసరికి ఖడ్గవీరుడైపోతాడు. ఎవరూ నేర్పరు. అరచేయి బొబ్బలెక్కదు, భుజం పట్టేయదు. తల పైన ఒక అంకె మారుతుంది, అంతే. ఈ సదుపాయం మా రోజుల్లోనే ఉండి ఉంటే ప్రభుత్వం నాకు అన్నేళ్లు జీతం ఇచ్చే అవసరమే ఉండేది కాదు.

నేను సాయుధ పోలీసుల్లో ఆయుధ శిక్షకుడిగా పనిచేశాను. భూపాలపల్లి అడవుల్లో కొంతకాలం, మహబూబాబాద్‌లో చాలాకాలం. అయితే ఇప్పుడు రాసేది ఆ ఉద్యోగం గురించి కాదు. ఆ తర్వాత జనగామలో చేసిన రెండో ఉద్యోగం గురించి. నా హోదా, ఒక ఆటకు యుద్ధ సలహాదారు. నవ్వదలచినవారు ఇక్కడే నవ్వేసుకుంటే మిగతాది సాఫీగా చదువుకోవచ్చు.

మాది బచ్చన్నపేట దిక్కు. ఊరి పేరు రాయను. రాస్తే మా దొరల కోట, అంటే మా గడీ, చూడాలని ఎవరైనా పోతారు, పోతే పత్తి బస్తాలు కనబడతాయి. మా తాత దర్బారు చేసిన హాలులో ఇప్పుడు ఒక వ్యాపారి పత్తి నిలవ చేస్తున్నాడు. మా భూముల్లో కొన్ని చట్టం తీసుకుంది, కొన్ని కోర్టులు తిన్నాయి, మిగిలినవాటిని మా పెదనాయనలు పేకాటలో ఎవరి సహాయమూ లేకుండా స్వయంగా పోగొట్టారు. నా దాకా వచ్చినవి ఇంటిపేరు, మా తాత కత్తి. ఆయన కత్తిసాములో ఓడిపోగా చూసినవాడు లేడని మా ఇంట్లో చెప్పుకునేవారు. పోలీసు కొలువులో చేరినప్పుడు కూడా నేను చేరింది ఆ వారసత్వం కోసమే అనుకున్నాను. ఇంట్లో బియ్యం లేకపోవడం రెండో కారణం.

జనగామలో ఎరువుల దుకాణం పైన ఒక గది. మెట్లెక్కుతుంటే పురుగుమందు వాసన కళ్లలోకి కొట్టేది. అక్కడ ఇద్దరు కలిసి ఆట తయారుచేస్తున్నారు. ఒకరు మహబూబాబాద్ అవతలి తండా నుంచి వచ్చిన అమ్మాయి. ఆట ఆమెది, ఆలోచన ఆమెది. రెండోవాడు మొగుళ్లపల్లిలో ట్యూషన్లు చెప్పుకునే లెక్కల సారు, ఆ ట్యూషన్లు వదిలి ఈమె వెంట వచ్చాడు. ఆమె బాబాయి నా దగ్గర శిక్షణ పొందిన కానిస్టేబుల్. నేను జనగామలో ఖాళీగా ఉన్నానని అతనే చెప్పాడట. ఖాళీగా ఉన్నానన్న మాట నాకు నచ్చలేదు, కానీ వెళ్లాను.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఇది ఫోనులో ఆడేది కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు. ఎవరి విద్య ఎంతో వాళ్ల ముందు అన్ని చింతగింజలు ఉంటాయి. దెబ్బ వేయాలంటే గవ్వలు విసరాలి. వెల్లకిలా పడిన గవ్వలు గింజల సంఖ్యను దాటకపోతే దెబ్బ తగిలినట్టు. అంటే గింజలు ఎక్కువ ఉన్నవాడు గట్టివాడు. కథ అంతా పాతకాలపు మన ఊళ్లలో, గుట్టల మీద, చెరువు కట్టల మీద జరుగుతుంది.

ఆ అమ్మాయి తన పరిస్థితి మొదటిరోజే చెప్పేసింది. హైదరాబాదులో ఇలాంటి ఆటలు అచ్చువేసి అమ్మే ఒక సంస్థ యజమాని వచ్చి ఆడి చూస్తాడు. ఆయనకు నచ్చితే ఆట బయటికి వస్తుంది. నచ్చకపోతే ఆమె అన్న భూపాలపల్లిలో ఒక ప్రైవేటు హాస్టల్లో మాట్లాడి ఉంచిన వార్డెన్ పనిలో చేరాలి. ఇంట్లో వాళ్లు ఆగింది చాలన్నారు. “వార్డెన్ పని తక్కువదేం గాదు సార్. కానీ ఒక్కసారి చేరితే మళ్ల గీ బల్ల ముంగట కూసునుడు ఉండదు” అంది. అందుకే ఆటలో ఏది అబద్ధమో నిర్మొహమాటంగా చెప్పమంది. నిర్మొహమాటానికి నన్ను ఎవరూ అడగాల్సిన పని లేదు.

ఆడి చూపించారు. లెక్కల సారు యోధుడు. వీపు మీద రెండు కత్తులు, నడుముకు గొడ్డలి, భుజాన విల్లు, చేతిలో ఈటె. ఇంత సామానుతో గుట్ట ఎక్కుతున్నాడు. వెనక ఎడ్లబండి వస్తున్నదా అని అడిగాను. లేదన్నాడు. విల్లు ఎప్పుడు నేర్చుకున్నావని అడిగాను. నిన్న ఒక శవం పక్కన దొరికిందన్నాడు. దొరకడం సరే, నేర్చుకోవడం ఎప్పుడని మళ్లీ అడిగాను. ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమె నా వైపు చూసి, ఇందుకే మిమ్మల్ని పిలిచామంది.

కొన్ని వారాలు నేను ఆ ఆటను బాగుచేశాను. పట్టు, అడుగు, చూపు, ఊపిరి, కత్తికి నూనె, ఒరకు తోలు, బొబ్బలకు మందు, అన్నిటికీ నియమాలు పెట్టించాను. లెక్కల సారు ముఖం వాడిపోయినా పాపం అన్నీ రాసుకున్నాడు. డిగ్రీ కాలేజీ విద్యార్థులను పిలిచి ఆడించాం. నేను సవరించిన ఆటలో ఒక విద్యార్థి మధ్యాహ్నమంతా కష్టపడి కత్తిని ఒరలోంచి క్షేమంగా తీసి, తిరిగి క్షేమంగా ఒరలో పెట్టగలిగాడు. శిక్షకుడిగా నాకు ఎంతో తృప్తి కలిగింది. అతను మిర్చి బజ్జీలు తెస్తానని కిందికి దిగాడు. ఇంతవరకు రాలేదు.

ఆ సాయంత్రం ఆమె గవ్వలు ఏరుకుంటూ, “సార్, మీరు నిజం తెచ్చిండ్రు. ఆటను తీస్కపోయిండ్రు” అంది. నా సర్వీసులో నాకు చాలా మెమోలు వచ్చాయి గానీ ఇంత పొట్టి మెమో ఎప్పుడూ రాలేదు.

చాలా నియమాలు తీసేశాం. ఒక్కదాని దగ్గర మాత్రం నేను దిగలేదు. ఆటలో దొరబిడ్డ పాత్ర ఒకటుంది. ఆ పాత్రకు మొదట్లోనే ఆరు గింజలు ఉండాలన్నాను. రైతుకు ఒకటి, సిపాయికి మూడు, దొరబిడ్డకు ఆరు. తరతరాల సాధన ఎక్కడికి పోతుందని వాదించాను. ఆమె ఔననలేదు, కాదనలేదు. ఆలోచిస్తానంది. నేను గెలిచాననుకున్నాను.

టీ తాగేటప్పుడు వాళ్లకు సర్వీసు ముచ్చట్లు చెప్పేవాణ్ని. భూపాలపల్లి కాల్పుల రేంజిలో గురి బాగా కుదిరిన ఒక కుర్రాడికి తుపాకీ మధ్యలో మొరాయించింది. వాడు ఆ తుపాకీతో సహా వెనక్కి తిరిగి, గొట్టం నా రొమ్ముకు చూపిస్తూ, ఇది పేలడం లేదు సార్ అని ఎంతో వినయంగా ఫిర్యాదు చేశాడు. దొరల వారసుణ్ని, ఎర్రమట్టిలో ముఖం పెట్టి పడుకున్నాను. గురి నేర్పడం సులువు, వెనక్కి తిరగకుండా ఉండటం నేర్పడానికి ఏళ్లు పడుతుందని చెప్పాను. లెక్కల సారు దాన్ని కూడా రాసుకున్నాడు.

ఇంకో ముచ్చట పెన్సిలుది. ఏటా పెద్ద అధికారులు కూడా కాల్చాలి. ఒకాయన కాల్చిన గుళ్లు ఎటు పోయేవో అడవికే తెలుసు, గురి బోర్డుకు మాత్రం తగిలేవి కావు. కందకంలో కూర్చుని బోర్డు చూసే కానిస్టేబుళ్లు బతకనేర్చినవాళ్లు. పెన్సిలుతో నడిమధ్యన పొడిచి చిల్లులు పెట్టి పైకెత్తేవారు. ఆయన ప్రతి ఏడూ తన గురి చూసి తానే ఆశ్చర్యపోయేవాడు. చివరికి మాకే గురి గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఈ కథ చెప్పి నేను కడుపుబ్బ నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగింది. నేను పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున నేను కుర్చీలో కూర్చోగానే అడిగింది.

“సార్, మీ తాతకు సాము ఎవలు నేర్పిండ్రు?”

ఉస్తాద్ ఉండేవాడని, దూరం నుంచి పిలిపించి ఇల్లు కట్టించి పెట్టుకున్నారని చెప్పాను. చిన్నప్పుడు నేను కళ్లారా చూశానని కూడా చెప్పాను.

“నేర్పేటప్పుడు ఉస్తాద్ ఏడ కూసునేటోడు?”

“నేల మీద.”

“మీ తాత?”

“కుర్చీల.”

“దెబ్బ తప్పు పడితే ఉస్తాద్ ఏమనేటోడు సార్?”

దసరా నాడు వాకిట్లో సాము జరిగేది. నా కళ్ల ముందు అది ఉన్నదున్నట్టు కదిలింది. మా తాత కత్తి ఎత్తేవాడు. కత్తి ఇంకా గాలిలో ఉండగానే ఉస్తాద్ కింద పడేవాడు. పడి, మీ బానిసను అన్నట్టు “బాంచన్ దొరా, ఏం దెబ్బ” అనేవాడు. ఆయన తర్వాత మా జీతగాళ్లు వరసగా వచ్చి వరసగా పడేవారు. ఒకతను తన వంతు రాకముందే పడ్డాడని అందరూ నవ్వడం కూడా గుర్తుకొచ్చింది. మా తాత ఓడిపోగా చూసినవాడు లేడన్నది అక్షరాలా నిజం. ఎవరికంత ధైర్యం?

“తప్పు అనేటోడు కాదు” అన్నాను.

“అంటే అది గూడ పెన్సిలే గద సార్” అంది మెల్లగా.

నేను లేచి వచ్చేశాను. మర్నాడు పోలేదు, ఆ మర్నాడూ పోలేదు. తర్వాత వెళ్లాను. చార్జి అప్పగించకుండా పోస్టు వదలడం నాకు అలవాటు లేదు. అది తప్ప వేరే కారణం ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నేను లేనప్పుడు ఆమె కొత్త నియమం అల్లింది. దొరబిడ్డ పాత్రకు రెండు చోట్ల గింజలుంటాయి. కొన్ని అతని ముందు, అందరికీ కనబడేటట్టు. కొన్ని కథ నడిపేవారి దగ్గర, బోర్లించిన గ్లాసు కింద. సొంత మనుషులతో సాము చేసినప్పుడల్లా గవ్వలు ఎట్లా పడ్డా వాళ్లు పడిపోతారు, అతని ముందు ఒక గింజ పెరుగుతుంది. గ్లాసు కింద ఏమీ పెరగదు. పడిపోవాల్సిన అవసరం లేని మనిషి ఎదురుపడ్డప్పుడు మాత్రం గ్లాసు కింది గింజలే లెక్క. నియమానికి పేరు కూడా పెట్టింది, బాంచన్ నియమం.

పేరు తీసెయ్యమన్నాను.

“ఆ మాట నేను పెట్టలే సార్. మీ తాత పెట్టిచ్చిండు. మా దిక్కు దొర ముంగట అన్నోళ్లల్ల మా తాత గూడ ఉన్నడు” అంది.

గొంతు పెంచలేదు. టీ గ్లాసు నా ముందుకు జరిపింది. లెక్కల సారు కిటికీలోంచి ఎరువుల లారీని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు. నేను టీ తాగాను.

తర్వాత ఆమె నన్ను సలహాదారు హోదాలోనే అడిగింది, అట్లా నేర్చుకున్న దొరబిడ్డకు నిజానికి ఎన్ని గింజలు రావచ్చని. పొలంలో పందులను తరిమే ఆడమనిషి పాత్రకు తను నాలుగు పెట్టుకుంది. ఎందుకంత ఎక్కువ అంటే, “అడవిపంది బాంచన్ అనది గద సార్” అంది. నేను బాగా ఆలోచించి దొరబిడ్డకు రెండు అన్నాను. లెక్కల సారు ఒకటే న్యాయమన్నాడు. ఆ ఒక్క గింజ కోసం నేను సాయంత్రం దాకా పోరాడాను. మా పెదనాయనలు భూముల కోసం ఆ మాత్రం పోరాడి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. రెండు గింజలు నిలిచాయి.

హైదరాబాదు పెద్దమనిషి వచ్చిన రోజున ఆ అమ్మాయి గది రెండుసార్లు ఊడ్చింది. ఆయన మెట్లెక్కుతూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కుర్చీలో కూర్చుని, గ్లాసు సంగతి తప్ప ఆమె చెప్పిందంతా విని, “బాగుందండీ. ఆటలో మాటలు కూడా ఇలాగే ఉంటాయా? మామూలు తెలుగులోకి మార్చడానికి వీలవుతుందా?” అని అడిగాడు.

“మామూలు తెలుగే సార్ గిది” అంది.

పాత్రల బొమ్మలు ముందు పెడితే ఆయన చేయి సూటిగా దొరబిడ్డ మీదికి పోయింది. ఎవరు ఆడినా మొదట అదే తీసుకుంటారు. కథ మొదలైంది. ఆమె కథ నడుపుతోంది, ఉస్తాద్ పాత్ర లెక్కల సారుది. ఆయన లెక్కల్లో ఎంత గట్టివాడో పొగడ్తలో అంత బలహీనుడు. ప్రతి దెబ్బకూ బాంచన్ బాంచన్ అని కేకలు పెట్టడం, మధ్యలో తనే నవ్వు ఆపుకోలేకపోవడం. పెద్దమనిషి ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. కాసేపటికి, “కొంచెం స్కూలు నాటకంలా ఉందండీ” అన్నాడు.

అబద్ధం అతకలేదు. అతకకపోతే గ్లాసు ఎత్తినా ఎవరికీ ఏమీ కాదు. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. చేతిలోని గవ్వలను చూసుకుంటూ కూర్చుంది. ఆ క్షణంలో ఆమె మనసులో భూపాలపల్లి హాస్టలు గేటు తెరుచుకుని ఉండాలి. ఆ గదిలో అసలైన బాంచన్ ఎట్లా ఉంటుందో చెవులారా విన్నది నేనొక్కణ్నే. అది కుర్చీలో కూర్చుని విన్నవాణ్ని.

లేచి, లెక్కల సారును పక్కకు జరగమన్నాను. పెద్దమనిషి కుర్చీ ముందు నేల మీద కూర్చున్నాను.

అసలైన బాంచన్‌కు అరుపులు అక్కర్లేదని మీకు చెప్పాలి. అది మెల్లగా వస్తుంది. కొంచెం భయం, కొంచెం ఫిర్యాదు కలిసి ఉంటాయి. ఆయన గవ్వలు విసిరాడు. నేను కుడిచేయి పట్టుకుని తల దించుకున్నాను. తర్వాత, “జర నెమ్మదిగ కొట్టుండ్రి దొరా. మొన్నటి దెబ్బకు ఈ చెయ్యి ఇంక లేస్తలేదు” అన్నాను.

ఆయన ఫోనును బల్ల మీద బోర్లా పెట్టాడు.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగింది. ఆయన తప్పు చేసినప్పుడల్లా ఆ తప్పునే మెచ్చుకున్నాను. ఇలాంటి దెబ్బ పెద్దదొర తర్వాత మళ్లీ ఇప్పుడే చూశానన్నాను. ముందున్న గింజలు పెరిగాయి, వాటితోపాటు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు, కాలు మీద కాలు వేశాడు. కాసేపటికి నన్ను ఒరేయ్ ఉస్తాద్ అని పిలిచాడు. నా తెల్లజుట్టు ఆయనకు అడ్డం రాలేదు. కుర్చీ ఎవరికైనా ఇంత త్వరగా దొరతనం నేర్పుతుందని నాకు తెలియదు. మా ఇంట్లో పుట్టినవాళ్లకే వస్తుందనుకునేవాణ్ని.

అప్పుడు ఆ అమ్మాయి కథను మక్కచేను గట్టు మీదికి తెచ్చింది. దొర గుర్రం చేనులోంచి పోవాలి. పందులను తరమడానికి కర్ర పట్టుకున్న తండా మనిషి అడ్డం నిలబడి, చుట్టూ తిరిగి పొమ్మంది. పెద్దమనిషి నవ్వి కత్తి దూశాడు. గవ్వలు విసిరాడు.

“తాకలే” అంది ఆమె.

తన ముందున్న గింజలు చూపించి, ఇన్ని ఉండగా ఎట్లా తాకదన్నాడు. మళ్లీ విసిరాడు. తాకలేదు. తండా మనిషి కర్ర ఆయన మణికట్టు మీద పడింది, కత్తి బురదలో పడింది, తర్వాత ఆయనా పడ్డాడు. ఇదేం లెక్కని అడిగితే ఆమె గ్లాసు ఎత్తింది. కింద రెండు గింజలు.

ఆయన వాటిని వేలితో కదిపి చూశాడు. ఆట పోయిందనే అనుకున్నాను. లెక్కల సారు అప్పటికే గవ్వలు సంచిలో వేయడం మొదలుపెట్టాడు. పెద్దమనిషి నా వైపు తిరిగాడు.

“మీరు నాతో అబద్ధం చెప్పారు.”

“నిజం చెప్పమని మీరు అడగలే దొరా.”

“అడిగితే చెబుతారా?”

ఆటలో అట్లాంటి నియమం లేదు.

“అడగొచ్చు సార్. కానీ కుర్చీ దిగాలె” అంది ఆ అమ్మాయి. ఆ నియమం ఆ క్షణంలోనే పుట్టిందని తర్వాత ఒప్పుకుంది.

ఆయన తన ఇస్త్రీ ప్యాంటు చూసుకున్నాడు, మా నేల చూసుకున్నాడు. తర్వాత బూట్లు విప్పి నా ఎదురుగా కూర్చున్నాడు. తన ముందున్న గింజల కుప్పను తనే పక్కకు నెట్టేసి గవ్వలు విసిరాడు.

“తప్పు” అన్నాను. ఈసారి దొరా అనలేదు.

ఎందుకు తప్పని అడిగాడు. అడుగు ముందు పడి చేయి వెనక వస్తోందని, కంటికి కత్తి తప్ప మనిషి కనబడటం లేదని, కానిస్టేబుళ్లకు చెప్పినట్టే చెప్పాను. మళ్లీ విసిరాడు. తప్పు. మళ్లీ. కింద కారులో ఉన్న డ్రైవరు పైకి వచ్చి చూసి పోయాడు. ఎంతోసేపటికి ఒక దెబ్బ సరిగా పడి గ్లాసు కిందికి మూడో గింజ చేరినప్పుడు ఆయన లెక్కల సారు భుజం పట్టుకుని ఊపేశాడు. అంతకుముందు అంత కుప్ప పెరిగినప్పుడు ఆ ముఖంలో ఈ సంతోషం లేదు.

ఆట తీసుకున్నాడు. పోతూ పోతూ నియమం పేరు మాత్రం మార్చుకుందామా అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. “పేరు అట్లనే ఉండాలె” అన్నది నేనే. సలహాదారుగా అది నా చివరి సలహా. ఆ తర్వాత ఆ ఆటకు నా అవసరం పెద్దగా రాలేదు.

ఆమె కిటికీ దగ్గరికి పోయి వాళ్ల అన్నకు ఫోను చేసింది. వాళ్ల భాష నాకు రాదు. మధ్యలో వార్డెన్ అన్న మాట ఒకసారి వినబడింది, తర్వాత ఆమె నవ్వు వినబడింది.

నేను ఇంకా నేల మీదే ఉన్నాను. లేవబోతే మోకాళ్లు మాట వినలేదు. లెక్కల సారు ఒక చెయ్యి, ఫోను పెట్టేసి వచ్చి ఆమె ఒక చెయ్యి పట్టి లేపాల్సి వచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చోవడం మా ఇంట్లో మాటలు రాకముందే నేర్పుతారు. నేల మీద కూర్చున్నవాడు ఎట్లా లేవాలో మాత్రం మాలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.